ఉద్యోగంలోంచి తీసేశాక లేబర్ ఆఫీసు రాజీ ఎంతవరకు పనికొస్తుంది?

ఉద్యోగం పీకేసిన మర్నాడు చాలామంది వకీలు కోసం వెతుకుతారు. లేదంటే ఫోన్‌లో ప్రకటన ఇచ్చే 'రెండు రోజుల్లో లీగల్ నోటీసు' సర్వీసుకు డబ్బు కట్టేస్తారు. ఈ రెంటికంటే ముందు తొక్కాల్సిన గడప ఇంకొకటుంది. అది కార్మిక శాఖ ఆఫీసు. అక్కడి అధికారి ఉద్యోగిని, యాజమాన్యాన్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి జరిపే రాజీ ప్రక్రియను కన్సిలియేషన్ అంటారు. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ప్రైవేటు ఉద్యోగి తన తొలగింపును సవాలు చేసే దారిలో ఇదే మొదటి మెట్టు.

మార్కులు ముందే చెప్పేస్తే, మొత్తం మీద ఐదుకు మూడున్నర. ఆగిపోయిన జీతం, నోటీసు పే (నోటీసుకు బదులు ఇచ్చే జీతం), రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్ లాంటివి రాబట్టడానికైతే నాలుగున్నర ఇవ్వొచ్చు. పోయిన ఉద్యోగాన్ని తిరిగి ఇప్పించడానికైతే ఒకటిన్నర దాటదు. కారణం సింపుల్. రాజీ అధికారికి తీర్పు చెప్పే అధికారం లేదు. నచ్చజెప్పగలడు, నోటీసులిచ్చి పిలిపించగలడు, ఇరుపక్షాలు చెప్పింది కాగితం మీద పెట్టగలడు. 'సార్ కంపెనీవాళ్లను గట్టిగా అడగలేదు' అని తిట్టుకుంటూ బయటికొచ్చేవాళ్లు ఈ ఆఫీసును కోర్టు అనుకుని వెళ్లినవాళ్లే. ఇక్కడ సంపాదించుకోవాల్సిన అసలు సరుకు ఆ కాగితమే. రేపు లేబర్ కోర్టులో కేసు నిలబడేదీ, కూలేదీ చాలావరకు ఇక్కడ రాసిన దాన్నిబట్టే.

ఎవరికి వర్తిస్తుంది

ముందు ఒక అపోహ తీసేయాలి. 'నెలకు 18,000 దాటితే లేబర్ ఆఫీసు తలుపులు మూసుకుంటాయి' అని ఆఫీసుల్లో, వాట్సాప్‌లో ఒకటే ప్రచారం. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ 18,000 రూపాయల పరిమితి సూపర్‌వైజరీ పని చేసేవాళ్లకు మాత్రమే. సొంత చేతులతో చేసే పని, నైపుణ్యంతో చేసే పని, సాంకేతికం, గుమాస్తా పని, ఇవి చేసేవాళ్లకు జీతంతో నిమిత్తం లేదు. లక్ష తీసుకునే టెక్నీషియన్ కూడా వర్కరే, అంటే ఈ ఆఫీసుకు రాగలిగినవాడే. పాత 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ లెక్క ఇదే, కాకపోతే సూపర్‌వైజర్ పరిమితి 10,000 ఉండేది.

మేనేజర్ల సంగతి వేరు. మేనేజీరియల్, అడ్మినిస్ట్రేటివ్ హోదాలో ప్రధానంగా పనిచేసేవాళ్లు వర్కర్ నిర్వచనంలోకి రారు. అయితే విజిటింగ్ కార్డు మీద ఏముందన్నది కోర్టులు చూడవు, రోజంతా చేసే పని ఏమిటన్నది చూస్తాయి. 1994లో ఎస్.కె. మైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ప్రధానమైన విధులను బట్టి తేల్చాలని. 'అసిస్టెంట్ మేనేజర్' అని పేరు పెట్టి రోజుకు పదిగంటలు బిల్లులు కొట్టించే కంపెనీలు మనకు కొత్తేం కాదు. అలాంటి హోదా ఉంటే పిటిషన్‌లో రోజువారీ పని గంట గంటకీ రాయాలి. సెలవులు మంజూరు చేసే అధికారం, ఉద్యోగులను తీసుకునే, తీసేసే అధికారం, ఇంక్రిమెంట్ సిఫార్సు చేసే అధికారం తనకు లేవని ఒక్కొక్కటిగా చెప్పాలి. ఆ పేరా లేకపోతే యాజమాన్యం మొదటి వాయిదాలోనే 'ఈయన మేనేజర్, ఈ ఆఫీసుకు పరిధి లేదు' అంటుంది.

నిజంగానే మేనేజర్ అయినవాళ్లు ఇక్కడ టైం వృథా చేసుకోకూడదు. వాళ్ల దారి సివిల్ కోర్టు. అక్కడ దొరికేది మామూలుగా నోటీసు పీరియడ్ జీతం, నష్టపరిహారమే. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా కొనసాగించమని సివిల్ కోర్టు సాధారణంగా ఆదేశించదు. ప్రభుత్వ ఉద్యోగులకు రాజ్యాంగంలోని ఆర్టికల్ 311, ట్రిబ్యునల్, హైకోర్టు ఉన్నాయి, ఈ ఆఫీసుతో పనిలేదు. దుకాణాలు, ప్రైవేటు ఆఫీసుల్లో చేసేవాళ్లకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద ఇంకో దారుంది. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదని అందులోని సెక్షన్ 47 అంటుంది. దానిమీద విడిగా అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలు గడువు తక్కువ, కాబట్టి అటు వెళ్లదలచుకుంటే మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

ఏ కౌంటరుకు వెళ్లాలి

ఇక్కడ దారి తప్పితే నెలలు పోతాయి. మామూలు ప్రైవేటు కంపెనీ, ఫ్యాక్టరీ, ఆసుపత్రి, స్కూల్ బస్సు డ్రైవర్ ఉద్యోగం, ఇవన్నీ రాష్ట్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. పనిచేసిన చోటు ఎవరి పరిధిలో ఉందో ఆ అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లాలి. కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా పని గాజువాకలో చేస్తే విశాఖపట్నమే. తెలంగాణ కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఏ ఏరియా ఏ అధికారిదో అక్కడ అడిగితే చెప్తారు.

బ్యాంకులు, రైల్వే, గనులు, ప్రధాన ఓడరేవులు లాంటివి కేంద్ర పరిధి. సింగరేణిలో కాంట్రాక్టు కార్మికుడిని తీసేస్తే రాష్ట్ర ఆఫీసులో వేసిన అర్జీ అలాగే మూలన పడి ఉంటుంది. అది కేంద్ర కార్మిక శాఖ అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గరికి పోవాలి. కేంద్ర పరిధి వివాదాలకు 'సమాధాన్' అనే పోర్టల్ కూడా ఉంది, ఇంట్లో కూర్చుని అర్జీ పెట్టొచ్చు.

కాంట్రాక్టర్ ద్వారా చేరినవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ప్రతివాదులుగా కాంట్రాక్టర్‌నీ, అసలు సంస్థనీ ఇద్దరినీ చేర్చాలి. ఒక్కడినే చేరిస్తే వాడు రెండోవాడి మీదికి నెట్టి చేతులు దులుపుకుంటాడు.

గడియారం

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, పైన చెప్పిన పారిశ్రామిక సంబంధాల కోడ్ వాటిలో ఒకటి. పాత చట్టంలో తొలగించిన తేదీ నుంచి మూడేళ్లలోపు లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. కొత్త కోడ్ ప్రకారం వివాదం తలెత్తి రెండేళ్లు దాటితే రాజీ అధికారి దాన్ని ముట్టుకోడు. తొలగింపు ఆ తేదీకి అటూ ఇటూ ఉన్నవాళ్లు పాత మూడేళ్లను నమ్ముకోకుండా రెండేళ్లనే గట్టి హద్దు అనుకోవాలి. అసలైతే రెండేళ్లు కూడా ఎక్కువే. రెండు నెలల్లో అర్జీ పడకపోతే సాక్షులు జారిపోతారు, సీసీ కెమెరా రికార్డు చెరిగిపోతుంది, 'ఇన్నాళ్లూ ఏం చేశాడు' అనే ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.

రాజీ మొదలయ్యాక 45 రోజుల్లో అధికారి తేల్చాలి, లేదా కుదరలేదని నివేదిక ఇవ్వాలి. దాన్నే అందరూ ఫెయిల్యూర్ రిపోర్ట్ అంటారు. అది మీ చేతికి అందిన రోజు నుంచి 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు (కొత్త కోడ్‌లో లేబర్ కోర్టు స్థానంలో వచ్చేది) దరఖాస్తు వేసుకోవాలి. అందుకే ఆ రిపోర్ట్ ఏ తేదీన అందిందో రుజువుండాలి. కవరును చించి పారేయకండి, తపాలా ముద్ర దానిమీదే ఉంటుంది.

సేవలో పెద్ద లోపం కూడా ఇక్కడే కనిపిస్తుంది. 45 రోజులన్నది చట్టంలో మాట. ఒక అధికారి మీద కనీస వేతనాలు, బోనస్, ప్రమాద పరిహారం, తనిఖీలు అన్నీ పడి ఉంటాయి. వాయిదా రోజు వెళ్తే 'సార్ మీటింగ్‌కి వెళ్లారు' అనే మాట వినడానికి సిద్ధపడాలి. కంపెనీ తరఫు మనిషి మొదటి నోటీసుకు రాకపోవడం ఆనవాయితీ. హాజరవ్వమని ఒత్తిడి చేసే అధికారం రాజీ అధికారికి ఉన్నా దాన్ని వాడేది అరుదు. కంపెనీ రెండు వాయిదాలు ఎగ్గొడితే కోప్పడి లాభం లేదు. 'యాజమాన్యం హాజరు కాలేదు, రిపోర్ట్ ఇవ్వండి' అని రాతపూర్వకంగా అడిగి ఇన్‌వార్డ్ ముద్ర (ఆఫీసుకు అందినట్టు వేసే ముద్ర) వేయించుకోవాలి.

అర్జీ ఎలా ఉండాలి

మూడు పేజీలు మించకుండా, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా. మొదటి పేరాలో చేరిన తేదీ, హోదా, చివరి నెల జీతం, పనిచేసిన చోటు. రెండో పేరాలో చేసిన పని. మూడో పేరాలో తొలగించిన తేదీ, ఎలా తొలగించారన్నది. ఉత్తర్వు ఇచ్చారా, మెయిల్ పంపారా, గేటు దగ్గర ఆపేశారా, బయోమెట్రిక్ నుంచి పేరు తీసేశారా? ఆ తర్వాత అది ఎందుకు తప్పు. చివర్లో కోరిక.

కోరిక వాక్యంలోనే ఎక్కువమంది మొదటికే మోసం తెచ్చుకుంటారు. 'నాకు న్యాయం చేయగలరు' అని ముగిస్తారు. లేదా ఆవేశంలో 'నాకు రావాల్సిన డబ్బులు ఇప్పించండి' అని రాస్తారు. రేపు కోర్టులో అవతలి వకీలు దాన్నే చూపించి, ఈయనకు ఉద్యోగం అక్కర్లేదు, డబ్బే కావాలన్నాడు అంటాడు. రాయాల్సింది ఇలా: 'నన్ను సర్వీసు కొనసాగింపుతో, పూర్తి వెనకటి జీతంతో, ఇతర ప్రయోజనాలతో తిరిగి విధుల్లోకి తీసుకునేలా చూడాలని కోరుతున్నాను.' మనసులో సెటిల్‌మెంటే ఉన్నా సరే, కాగితం మీద ఇదే ఉండాలి. దిగిరావడానికి పైమెట్టు మీద నిలబడాలి కదా.

ఇంకొక వాక్యం మర్చిపోకూడదు. 'తొలగించిన నాటి నుంచి నేను ఎక్కడా లాభదాయకమైన ఉద్యోగంలో లేను.' 2013లో దీపాలి గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఉద్యోగి ఈ మాట చెప్పాక అతను వేరేచోట సంపాదిస్తున్నాడని నిరూపించాల్సిన భారం యాజమాన్యం మీద పడుతుంది. ఈ మాట అర్జీలో లేకుండా, అఫిడవిట్‌లో లేకుండా పూర్తి వెనకటి జీతం ఆశించడం అత్యాశే. కొత్త ఉద్యోగం వచ్చి ఉంటే మాత్రం దాచొద్దు. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) తెరిస్తే కొత్త యజమాని పేరు, చేరిన నెల కనబడతాయి. అబద్ధం బయటపడితే వెనకటి జీతంతో పాటు మిగతా మాటల విలువ కూడా పోతుంది.

జత చేయాల్సినవి: నియామక పత్రం, చివరి మూడు నాలుగు జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ వివరాలు, గుర్తింపు కార్డు, తొలగింపు ఉత్తర్వు, దానికి ముందు వెనకా నడిచిన మెయిళ్లు. నియామక పత్రమే ఇవ్వని చోట్ల పీఎఫ్, బ్యాంకు రికార్డే దిక్కు. ఏడాది నిరంతర సర్వీసుగా లెక్కయ్యే 240 రోజులు పనిచేశానన్నది రుజువు చేసే తొలి భారం ఉద్యోగి మీదే ఉంటుంది. మస్టర్ రోల్ (హాజరు పట్టీ) కంపెనీ దగ్గరుంటుంది కాబట్టి దాన్ని తెప్పించమని కోర్టులో దరఖాస్తు వేయాలి, అది వేయకుండా 'రికార్డు వాళ్ల దగ్గరే ఉంది' అంటే సరిపోదు. వాట్సాప్, మెయిల్ ప్రింట్లు కోర్టులో నిలబడాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ మెసేజీలున్న ఫోన్‌ను మార్చేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు.

నాలుగు ప్రతులు తీయండి. ఒకటి ఆఫీసుకు, ప్రతివాదికి ఒకటి చొప్పున, ముద్ర వేయించుకున్నది మీ దగ్గర. పోస్టులో పంపితే అందినట్టు రసీదు ఉండాలి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్‌లో అందిన రసీదు సదుపాయం విడిగా అడిగి తీసుకోవాలి.

ఆ గదిలో ఏం జరుగుతుంది

ఒక బల్ల, అధికారి, ఫైళ్ల కట్టలు, ఎదురుగా హెచ్.ఆర్. నుంచి వచ్చిన మనిషి. కంపెనీ తరఫున వకీలు వస్తే అభ్యంతరం చెప్పొచ్చు. రాజీ ప్రక్రియలో వకీళ్లకు ప్రవేశం లేదని పాత చట్టమూ, కొత్త కోడూ రెండూ అంటాయి. ఉద్యోగి తరఫున యూనియన్ నాయకుడు కూర్చోవచ్చు. యూనియన్ లేకపోయినా జంకాల్సిన పనిలేదు, అక్కడ ఎవరూ సెక్షన్లు అప్పజెప్పమనరు.

చివర్లో అధికారి ఎవరేమన్నారో మినిట్స్ రాస్తారు, సంతకం పెట్టమంటారు. ఈ అరపేజీ కోసమే ఇంత దూరం వచ్చింది. చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. యాజమాన్యానికి బాగా అలవాటైన ఎత్తు ఒకటుంది. హెచ్.ఆర్. చాలా మర్యాదగా 'మేం తీసేయలేదు సార్, ఈయనే రావడం మానేశారు, రేపే వచ్చి చేరమనండి' అంటారు. వినడానికి బాగుంటుంది. ఒళ్లుమండి 'నేను రాను, ముందు నా సంగతి తేల్చండి' అన్నారో, మినిట్స్‌లో 'యాజమాన్యం ఉద్యోగం ఇవ్వజూపింది, కార్మికుడు నిరాకరించాడు' అని పడిపోతుంది. ఆ ఒక్క లైన్‌తో వెనకటి జీతానికి నీళ్లొదులుకోవాల్సి వస్తుంది. దానికి సరైన జవాబు: 'సర్వీసు కొనసాగింపుతో వెంటనే చేరడానికి సిద్ధం. ఇప్పటిదాకా రావాల్సిన జీతంపై నా హక్కు అలాగే ఉంచుతున్నాను. చేరమని ఉత్తర్వు రాతపూర్వకంగా ఇవ్వాలి.' ఈ మూడూ మినిట్స్‌లో ఎక్కించమని అడగాలి. మర్నాడు నిజంగానే గేటు దగ్గరికి వెళ్లాలి. లోపలికి రానివ్వకపోతే అక్కడి నుంచే మెయిల్ పెట్టాలి. కొత్త నియామకంగా చేరమంటే, అంటే పాత సర్వీసు సున్నా అంటే, అది వేరే కథ, ఆ మాటనూ రాయించాలి.

'రావడం మానేశాడు' అన్నంత మాత్రాన కంపెనీ తప్పించుకోలేదు. విచారణ లేకుండా రోల్స్ నుంచి పేరు కొట్టేయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటికి వచ్చే 'గైర్హాజరు' నోటీసులకు మాత్రం ఒక్కదానికీ జవాబు ఎగ్గొట్టకూడదు.

రాజీ కుదిరితే సెటిల్‌మెంట్ మెమోరాండం రాస్తారు. పాతకాలం యూనియన్ వాళ్లు దీన్ని 'ట్వెల్వ్ త్రీ' అంటారు, పాత చట్టం సెక్షన్ 12(3) నుంచి వచ్చిన పేరు. బయట చేసుకున్న ఒప్పందం కంటే రాజీ అధికారి ముందు చేసుకున్నది బలమైంది. సంతకానికి ముందు చూడాల్సినవి: మొత్తం అంకెల్లో, అక్షరాల్లో ఉందా, ఏ తేదీలోపు చెల్లిస్తారు, డీడీయా బ్యాంకు బదిలీయా, రిలీవింగ్ లెటర్‌లో ఏ మాట వాడతారు. 'టెర్మినేటెడ్' అనే మాట తీసేసి 'రిలీవ్డ్' అని రాయించుకోవడం డబ్బు కంటే ఎక్కువ విలువ చేసే సందర్భాలుంటాయి, కొత్త ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరిగేటప్పుడు తెలుస్తుంది. 'అన్ని క్లెయిములూ పూర్తిగా తీరినవి' అనే వాక్యం ఉంటే గ్రాట్యుటీ, పీఎఫ్ దాంట్లో కలిపారో లేదో అడిగి, విడిగా ఉంచుతున్నట్టు రాయించండి. చెక్కు తర్వాత ఇస్తాం, సంతకం ఇప్పుడు పెట్టండి అంటే మాత్రం వద్దు.

ఈ సేవ కాపాడలేని కేసులు

రాజీనామా మీద సంతకం పెట్టేసినవాళ్లు. 'రిజైన్ చెయ్, లేకపోతే టెర్మినేట్ చేస్తాం, కెరీర్ పోతుంది' అని గదిలో కూర్చోబెట్టి రాయించుకోవడం సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మామూలైపోయింది. బలవంతంగా రాయించారని నిరూపించే భారం అప్పుడు మీ నెత్తిన పడుతుంది. అదే రోజు రాత్రి, ఆమోదం రాకముందే, ఎవరు, ఎన్నింటికి, ఏమని బెదిరించారో రాసి రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు సొంత మెయిల్ నుంచి పంపితే కేసు బతుకుతుంది. నెల తర్వాత పంపితే గోడకు చెప్పుకున్నట్టే.

కాలపరిమితి ఉద్యోగం గడువు ముగిసి, పొడిగించని వాళ్లది కూడా బలహీనమైన కేసే. చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా (పరిహారం ఇచ్చి చేయాల్సిన తొలగింపుగా) లెక్కించదు. ప్రొబేషన్‌లో 'పనితీరు సంతృప్తికరంగా లేదు' అని మామూలు మాటతో తీసేసినా అంతే. ప్రొబేషనర్ మీద దొంగతనం, మోసం లాంటి మచ్చ వేసి విచారణ లేకుండా తీసేస్తే మాత్రం ఉత్తర్వు నిలవదు.

ఖర్చు తగ్గింపు పేరుతో తీసేయడంలో లెక్క సూటిగా ఉంటుంది. ఏడాది నిరంతర సర్వీసు, అంటే 240 రోజులు, ఉన్నవాళ్లకు నెల నోటీసు లేదా దాని జీతం, నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. మామూలుగా చివర చేరినవాడిని ముందు తీయాలి. జూనియర్‌ను ఉంచి సీనియర్‌ను తీస్తే కారణం రాయాలి. జూనియర్ల పేర్లు, చేరిన తేదీలు అర్జీలో రాస్తే యాజమాన్యం తడబడేది అక్కడే. తొలగించినా, రాజీనామా చేసినా బకాయి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెప్తోంది. ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులన్న హెచ్.ఆర్. మాటకు వేతనం విషయంలో ఇక విలువ లేదు.

పక్క దుకాణాలు

లీగల్ నోటీసు సర్వీసులకు ఐదుకు ఒకటి. పేర్లు మార్చి పంపే అచ్చు నోటీసుకు కంపెనీ లీగల్ విభాగం అచ్చు జవాబే ఇస్తుంది. పైగా నోటీసులో మేనేజర్ అని హోదా రాసేసి, డబ్బు మాత్రమే అడిగి, అసలు కేసుకు గండి కొట్టే ప్రమాదం ఉంది. నోటీసు ఇస్తే గడువు ఆగదు కూడా.

లేబర్ కేసులే చేసే వకీలు రాజీ దశలో గదిలోకి రాలేడు గానీ, అర్జీ రాయించుకోవడానికి ఒక్కసారి డబ్బు పెట్టడం దండగ కాదు. సివిల్, క్రిమినల్ చేసే తెలిసిన లాయర్ అన్నయ్యకు ఇది అప్పజెప్పడం మాత్రం వద్దు. లేబర్ కోర్టులోనూ వకీలును పెట్టుకోవాలంటే అవతలి పక్షం సమ్మతి, కోర్టు అనుమతి ఉండాలన్న నియమం ఉంది. ఆచరణలో ఇద్దరూ ఒప్పేసుకుంటారు.

యూనియన్ ఉన్నచోట దాన్ని మించిన సాయం లేదు, సభ్యత్వ రసీదు ఉంటే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గురించి చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు కూడా అంతే. 15100కు ఫోన్ చేయొచ్చు. వచ్చే వకీలు లేబర్ చట్టం తెలిసినవాడా అన్నది అదృష్టం మీద ఉంటుంది, కాబట్టి లేబర్ ప్యానెల్ వాళ్లు కావాలని అర్జీలోనే అడగాలి. ఈ సంస్థకు ఐదుకు నాలుగు మార్కులు.

రాజీ కుదరకపోతే

హైదరాబాద్, వరంగల్, గోదావరిఖని, విశాఖపట్నం, గుంటూరు, అనంతపురంలో లేబర్ కోర్టులు ఉన్నాయి. కొత్త కోడ్ ఇద్దరు సభ్యుల ట్రిబ్యునళ్లు రావాలంటుంది. దరఖాస్తు వేసే ముందు ఆ రోజుకు ఎక్కడ తీసుకుంటున్నారో రాజీ అధికారి ఆఫీసులోనే అడిగి వెళ్లండి. దావా విలువ మీద కట్టే కోర్టు ఫీజు ఇక్కడ ఉండదు. ఉండేది ఓపిక ఖర్చు. కౌంటర్ (కంపెనీ రాతపూర్వక జవాబు), చీఫ్ అఫిడవిట్ (సాక్షి ప్రమాణపత్రం), క్రాస్ (అవతలి పక్షం అడిగే ఎదురు ప్రశ్నలు), వాదనలు, అన్నీ కలిపి ఏళ్లు పడతాయి.

తప్పు చేశాడని తీసేసిన కేసుల్లో మొదటి పోరాటం కంపెనీ జరిపిన విచారణ చెల్లుతుందా లేదా అన్నదాని మీదే. చార్జిషీటులో తేదీ, ఘటన స్పష్టంగా ఉన్నాయా? సాక్షులను క్రాస్ చేయనిచ్చారా? సహోద్యోగి సాయం తీసుకోనిచ్చారా? శిక్ష వేయకముందు విచారణ నివేదిక నకలు ఇచ్చారా? ఈ చివరిది 1993లో హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గట్టిగా చెప్పిన నియమం. నకలు ఇవ్వకపోవడంవల్ల తనకు ఏం నష్టం జరిగిందో కూడా ఉద్యోగి చూపించాలి. విచారణ చెల్లదని తేలినా కథ అయిపోదు. కౌంటర్‌లో ముందే అడిగి ఉంటే కంపెనీ కోర్టులోనే కొత్తగా సాక్ష్యం పెట్టుకోవచ్చు. తప్పు రుజువైనా శిక్ష మరీ ఎక్కువనిపిస్తే తగ్గించే అధికారం కోర్టుకుంది. అందుకే గత సర్వీసు రికార్డు, మెమోలు లేకపోవడం, అవార్డులు, ఇంక్రిమెంట్లు ఎగ్జిబిట్లుగా వేయాలి. సస్పెన్షన్‌లో ఉన్న కాలానికి మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం ఉద్యోగి వల్ల కాకపోతే ముప్పావు జీతం జీవన భృతిగా రావాలి. అది చెల్లించకుండా విచారణ నడిపితే దానిమీదే విచారణను కొట్టించొచ్చు.

సెటిల్‌మెంట్ అయినా, కోర్టు అవార్డు అయినా కంపెనీ డబ్బు కట్టకుండా కూర్చుంటే మళ్లీ కొత్త కేసు వేయక్కర్లేదు. ప్రభుత్వానికి రికవరీ దరఖాస్తు పెట్టాలి. అధికారి సర్టిఫికెట్ ఇస్తే కలెక్టర్ దాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు ఆ దరఖాస్తు పడాలి, సెటిల్‌మెంట్‌లో చెల్లింపు తేదీ రాయించుకోమన్నది అందుకే.